ఆయన దాటేసిన పేజీలు

"...అందుకే అంటున్నా, తప్పు నాది కాదు, నువ్వే వెనకబడ్డావు!" అంటూ వయొలిన్‌ను గడ్డం కింద నుంచి తీశాడాయన.

"సరే మహానుభావా, నేనే మొద్దుని," అంది పియానో ముందు కూర్చున్న భార్య.

ఇన్నేళ్ల జంట కచేరీల్లో ఆయన ఎక్కడ తప్పినా ఆమె వేళ్లు అక్కడికే దూకి కప్పేసేవి. జనం పసిగట్టలేదు. ఈమధ్య ఆయన స్వరలిపిలో పేజీలకు పేజీలే దాటేస్తున్నాడు. ఇవాళైతే ముగింపుకు దారి తెలియక ఒకే ముక్క చుట్టూ తిరిగాడు. ఆమెకు రేపటి కచేరీ గుర్తొచ్చింది. రేపు నిండు సభలో ఇలాగే తిరుగుతుంటే ఆయన్ని బయటికి లాగేదెలా?

"మళ్లీ మొదలుపెట్టు," అన్నాడు.

మళ్లీ అక్కడే చిక్కుకున్నాడు. ఈసారి ఆమె వెంట వెళ్లకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది. కాసేపు ఒంటరిగా తచ్చాడి వయొలిన్ ఆగింది. ఆయన బెదురుగా చూశాడు.

"రేపటి కచేరీ మానేద్దామండీ. నిర్వాహకులకు ఫోన్ నేనే చేస్తాను," అంది.