ఖాళీగా ఉన్న కంప్యూటర్

ఆ రోజుల్లో ఖాళీగా కనిపించే ప్రతిదాని మీదా నాకు నమ్మకం ఎక్కువ. ఖాళీ బస్సు చూసి ఎక్కితే అది డిపోకి పోయేది, అయినా నమ్మకం పోయేది కాదు. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం ఇంకా దొరకని కాలం. మా బాబాయికి జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టు, నందిగామలో ఇంకొకటి. కీసర, వీరులపాడు చిల్లర కొట్లవాళ్ళు ఫోన్లో సరుకు చెప్పేవారు. వాళ్ళకో యాప్ చేసిపెడతానన్నాను. బాబాయి ఒక షరతు పెట్టాడు. "గురువారం మంచిరోజు, మొదలెడదాం. నడిస్తే హైదరాబాద్ పోయి ఉద్యోగం చూసుకో. నడవకపోతే శుక్రవారం నుంచి కొట్లో కూర్చో." (కొట్లో కూర్చోవడమంటే మా ఇంట్లో యావజ్జీవమే.)

రెండు కొట్లలో రెండు కంప్యూటర్లు, వాటికి ముందు నేను రాసిన లోడ్ బ్యాలెన్సర్ అనే ప్రోగ్రాం. ఆర్డర్ రాగానే ఏది ఖాళీగా ఉంటే దానికి పంపడం దాని పని. వివరంగా చెప్పాను. "నేను రోజూ చేసేదేగా" అన్నాడు బాబాయి. నిజమే, కొట్లో ఏ కాటా దగ్గర జనం పలచగా ఉంటే కొత్తగా వచ్చినవాళ్ళని అటు తోలేవాడు.

గురువారం పొద్దున్నే కీసర కొట్టాయన ఫోన్. "ఏది నొక్కినా 'క్షమించండి' అంటోందండీ. మేమేమన్నాం దాన్ని?" చూస్తే జగ్గయ్యపేట కంప్యూటర్ పనిలేక కునుకు తీస్తోంది, ఆర్డర్లన్నీ నందిగామకే పోతున్నాయి. అక్కడి కొట్టు చూసే బావకి ఫోన్ చేశా. "సూపర్‌గా ఉంది బావా, లైటు వెలుగుతోంది" అన్నాడు.

ఈలోగా జగ్గయ్యపేట కొట్టు జనంతో నిండిపోయింది. "శుక్రవారం దాకా ఎందుకులేరా" అని బాబాయి నన్నో కాటా దగ్గర కూర్చోబెట్టాడు. ఏ సరుకు ఎక్కడుందో నాకు తెలీదు. ఎవరేం అడిగినా "లేదండి" అన్నాను. వెంటనే తేలిపోయే మాట, కాబట్టి నా ముందు జనం నిలవలేదు. అది చూసి బాబాయి, "మావాడి దగ్గర ఖాళీ, అటు పొండి" అని అందరినీ నా మీదికే తోలాడు. చివరికి ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "పంచదార లేదంటావేంటి నాయనా? నువ్వు కూర్చుంది దాని మీదే కదా" అంది.

దిగి బస్తా చూశాను. పంచదారే. నందిగామ కంప్యూటర్ చేస్తున్నదేమిటో కూడా అప్పుడే అర్థమైంది. దానికి సరుకుల వివరాలు అందే దారి తెగిపోయింది. వచ్చిన ప్రతి ఆర్డర్‌కీ చటుక్కున 'క్షమించండి' చెప్పి చేతులు దులుపుకుంటోంది. నా బ్యాలెన్సర్ దాని ఖాళీని చూసి మురిసిపోయి మిగతావీ దానికే పంపుతోంది. 'క్షమించండి' అనే కంప్యూటర్‌ని ఖాళీ కింద లెక్కేయొద్దని దాన్లో రెండు లైన్ల కోడ్ రాశాను. మధ్యాహ్నానికి యాప్ నడిచింది.

బాబాయి యాప్ వంక చూడను కూడా చూడలేదు. "నువ్వు హైదరాబాద్ పోరా. ఇక్కడే ఉంటే కొట్టు మూతపడుద్ది" అన్నాడు. అలా నాకు విడుదల దొరికింది.

ఇప్పుడు ఒక కంపెనీలో పెద్ద కంప్యూటర్ల గుంపుకి పని పంచడమే నా ఉద్యోగం. వాటిలో ఏదైనా మరీ హాయిగా కనిపిస్తే ముందు దాన్నే అనుమానిస్తాను. పంచదార బస్తా మీద కూర్చుని అందరికీ లేదని చెబుతున్న కుర్రాడొకడు గుర్తొస్తాడు. వాడి ముఖంలో ఉన్న ప్రశాంతత నాకు మళ్ళీ దొరకలేదు.