అమ్మ లేవకుండా ఉండాలంటే

ఇంగ్లండ్‌లో షాఫ్ట్స్‌బరీ ఊరు దాటి రెండు మైళ్లు పోయామో లేదో మా సరుకుల బండి ఇరుసు విరిగింది. బండివాడు గుర్రాలను తిట్టాడు, అవి పట్టించుకోలేదు. నాతోపాటు ఉన్ని మూటల మీద కూర్చుని వచ్చిన నడివయసు ఆడమనిషి గౌను ఎత్తి పట్టుకుని బురదలోకి దిగింది. ఇద్దరం సత్రం వైపు నడిచాం. హాలండ్ బురదకన్నా ఈ డోర్సెట్ సీమ బురద మొండిదన్నాను.

"హాలండ్‌లో ఇరవై ఏళ్లున్నాను పెద్దాయనా. అక్కడి బురద చెప్పులన్నా వదిలిపెడుతుంది," అని నవ్వింది.

సత్రం నడిపే అవిస్ మాకు రొట్టె, చీజ్ పెట్టింది. రెండు ముద్దలు తిన్నామో లేదో తలుపు తోసుకుని ఆమె పుట్టింటి ముసలి దివాను వచ్చి, ఆమెను చూసి టోపీ తీసి తడి బండల మీద మోకరిల్లాడు.

"యువరాణీవారూ!"

నేను దిగ్గున లేచాను. రాచవారి ముందు కూర్చోకూడదు. ఫ్రాన్స్‌లో రాణి ఎదుట కూర్చునే ఒక ముక్కాలి పీట కోసం ఇద్దరు గొప్పింటి ఆడవాళ్లు పదేళ్లు మాట్లాడుకోకపోవడం చూశాను. మనం మాత్రం తక్కువ తిన్నామా?

అయితే ఈమే లెటిస్ అన్నమాట. ఆమె కథ ఆ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. మామూలు జమీందారు కూతురు. పదిహేడో ఏట హాలండ్‌లోని హేగ్ నగరంలో ఓ రాణివాసానికి పరిచారికగా వెళితే, రాజ్యం పోగొట్టుకున్న యువరాజొకడు ఆమెను రహస్యంగా పెళ్లాడాడు. ఆ పెళ్లే జరగలేదని అతనివాళ్లు ఏడాదిపాటు బుకాయించారు. ఆ ఏడాదంతా ఆమె కడుపుతో ఓ అటక గదిలో గడిపింది. చివరికి ఒప్పుకున్నారు గాని బిడ్డ దక్కలేదు. తర్వాత మొగుడూ యుద్ధంలో పోయాడు. మిగిలింది బిరుదు. పుట్టింటికి వస్తే తండ్రి మోకరిల్లి చేయి ముద్దాడాడు. తల్లి మూడు గంటలు నిలబడే ఉంది, కూర్చోమని ఎంత బతిమాలినా వినలేదు. అమ్మ కాళ్లు నొప్పెడతాయని లెటిస్ మళ్లీ పద్నాలుగేళ్లు ఆ గడప తొక్కలేదు.

"అమ్మకెలా ఉంది, హంఫ్రీ?"

"ఏం చెప్పమంటారండీ! లేస్తే గుండె ఆగిపోతుందని వైద్యుడు మొత్తుకుంటున్నాడు. పెద్దమ్మగారు పొద్దున్నే పట్టు గౌను వేయించుకుని కూర్చున్నారు. మీరు గుమ్మంలోకి రాగానే లేచి వంగి దండం పెడతారట."

"వద్దన్నానని చెప్పలేదూ?"

"చెప్పానండీ. 'రాచబిడ్డ వస్తే పడుకుని చూడమంటావా, సిగ్గులేనోడా' అని కర్ర విసిరారు." నుదుటి మీది బొప్పి చూపించాడు.

లెటిస్ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"ఆవిడకి చూపు ఆనుతుందా?" అంది అవిస్.

"వెలుగూ నీడా, అంతే."

"మరింకేం? యువరాణిగారు వస్తే లేస్తారు గాని, గంజి పట్టుకొచ్చిన పనిదానికి ఎవరు లేస్తారమ్మా?"

"నా గొంతు గుర్తుపడుతుంది," అంది లెటిస్.

"నోరు విప్పకండి."

"అంటే నేనొచ్చానని అమ్మకు తెలీదు. ఎప్పటికీ."

లెటిస్ కాసేపు బల్ల మీది రొట్టె తుంపుతూ ఉండిపోయింది. కూర్చోమన్నా కూర్చోని ఆ ముసలమ్మ మీద నాకు కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది.

"హంఫ్రీ, ముందు నువ్వెళ్లు. దారి బాగాలేదు, యువరాణి రావట్లేదని చెప్పి పడుకోబెట్టు. కొత్త పనిమనిషి గంజి తెస్తుందను. మూగదను," అంది లెటిస్.

"అబద్ధం చెప్పమంటారా అమ్మా?"

"ఇది నా ఆజ్ఞ."

హంఫ్రీ రాచవారికి వీపు చూపకూడదని వెనక్కి వెనక్కి నడిచి పీపాను గుద్దుకున్నాడు. "చూసుకో నాయనా, అది నిండుగా ఉంది!" అని అవిస్ కసిరింది.

లెటిస్ ఉంగరాలు తీసి రుమాల్లో కట్టుకుంది. అవిస్ ఏప్రన్ అడిగి తీసుకుని తాను తగిలించుకుంది. కాసేపటికి, వేడి బార్లీ గంజి పోసిన కుండకు గుడ్డ చుట్టి ఇచ్చింది అవిస్.

"మీ చెయ్యి పట్టుకుని ఆవిడ గుర్తుపడితేనో?" అన్నాను.

ఆమె అప్పటికే గడప దాటింది. గంజి తొణక్కుండా రెండు చేతులా కుండ పట్టుకుని, గుంటలు తప్పించుకుంటూ చిన్న చిన్న అడుగులతో పుట్టింటి దారి పట్టింది.