అవ్వకిచ్చిన నోటీసు

ఆ రోజుల్లో చేతిలో రబ్బరు స్టాంపు ఉంటే చాలు, ఊరంతా మన మాట వింటుందనుకునేవాణ్ణి. తెలంగాణ ఇంకా రాలేదు, నాకు మీసమూ పూర్తిగా రాలేదు. బొగ్గుబావుల మధ్యనున్న ఓ మున్సిపాలిటీలో కాంట్రాక్టు కొలువు దొరికింది. అనుమతి లేని కట్టడాలకు నోటీసులివ్వడం నా పని. బస్టాండు ఎదుట ఓ లీడరు కట్టిన మూడంతస్తుల మేడ మెట్లతో సహా రోడ్డు మీదికొచ్చి కూర్చుంది. "దానికి ఇయ్యమంటరా సార్?" అని అడిగితే మా సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఏ మేడ? నాకైతే కనబడుతలేదు" అన్నాడు. (అద్దాలు పెట్టుకున్నాక కూడా కనబడలేదు.) మురికికాలువ పక్కనున్న రేకుల గది మాత్రం ఆయనకు ఆఫీసు కుర్చీలోంచే కనబడింది.

ఆ గది ఓ అవ్వది. బావిలో పనిచేసిన భర్త పోయాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి అక్కడ చేరింది. అది తప్ప ఆమెకు మరో నీడ లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెత మా ఆఫీసును చూసే పుట్టి ఉంటుంది. ఏడు రోజుల్లో కూల్చేస్తామన్న కాగితం మీద ఆమె పేరు, వాడకట్టు పేరు ముత్యాల్లా రాసి, గుండ్రటి ముద్ర కొట్టి, గంభీరంగా చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె కాగితాన్ని కళ్లకద్దుకుంది.

"దీంట్ల నా పేరున్నదా బిడ్డా? సర్కారు ముద్రేనా ఇది? సల్లగుండు! ఇల్లు నీదేనని కాగితం తెమ్మని కరెంటోళ్లు మూడేండ్ల సంది తిప్పుతున్నరు."

ఎనిమిదో రోజు మేం జేసీబీతో వెళ్లేసరికి గోడకు కొత్త మీటరు, పక్కనే లామినేషన్ చేయించిన నా నోటీసు. మీటరున్న ఇల్లు కూల్చాలంటే ముందు కరెంటాఫీసుకు ఉత్తరం రాయాలట. సారు రాశాడు. జవాబు ఇప్పటికీ రాలేదు. మర్నాడు వాడకట్టంతా మా గేటు ముందు వరస కట్టింది. "మాకెప్పుడిస్తవే అన్నా నోటీసు? మేమేం పాపం జేసినం?" సారు సిగ్గుపడాల్సింది పోయి నా మీద ఎగిరాడు. "గంత మంచిగ ఎవడు రాయమన్నడురా నిన్ను?"

తెలంగాణ వచ్చాక అవ్వ ఆ కాగితమే చూపించి పట్టా తెచ్చుకుంది. అదే ఆఫీసులో సారునయ్యాక నేనూ సొంతిల్లు కట్టాను. మెట్లు రెండడుగులు రోడ్డు మీదికి జరిగాయి. మున్సిపాలిటీ వాళ్లు రోజూ వాటిని తప్పుకుని పోతూ "నమస్తే సార్" అంటారు, నోటీసు మాత్రం ఇవ్వరు. స్టాంపు పట్టుకు తిరిగిన ఆ పిచ్చి కుర్రాడు ఇటొస్తే మొదటి నోటీసు నాకే ఇచ్చేవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడే వచ్చి తలుపు కొడితే మాత్రం, ఏ మొహంతో తీయను?