ఎడమ అంచు పోగు

ఎవరైనా దయ్యాల కథలు మొదలుపెడితే ఆవులించే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రాజంపేట దగ్గర ఒక మగ్గాల ఊరు. మా ఆయన నూలు చీరలు నేస్తాడు, నేను అడ్డపోగు నూలును కండెలకు చుడతాను. మొదటిసారి కడుపు ఐదో నెలలో పోయింది. రెండోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ పరీక్ష చేయించి, రక్తం ఎనిమిదే ఉందని, రోజూ ఐరన్ మాత్ర వేసుకోమని గట్టిగా చెప్పింది.

వేసుకుంటే కడుపులో తిప్పేది. పైగా మా అత్త, "అవి మింగితే బిడ్డ లావైతాది, కడుపు కోస్తారు" అనేది. అసలు సంగతి వేరే. ఈ బిడ్డ కూడా నిలవదని నాకు లోపల భయం. నిలవనిదానికి ఈ అవస్థ ఎందుకని, మాత్ర పెరట్లో పారేసి, మా ఆయన అడిగితే వేసుకున్నానని చెప్పేదాన్ని.

ఆ రోజుల్లోనే మగ్గం మీద పోగు తెగడం మొదలైంది. పోగులు తెగడం మాకు కొత్త కాదు. కానీ తెగేది ఒక్కటే నిలువు పోగు, ఎడమ అంచులో, మధ్యాహ్నం నేను మాత్ర పారేసి వచ్చిన కాసేపటికి. మా ఆయన నూలును తిట్టాడు, గంజిని తిట్టాడు, ఏ సంబంధమూ లేని నా కండెలనూ తిట్టాడు. మాత్రలు పారేస్తున్న సంగతి ఆయనకు తెలియదు.

అనుమానం వచ్చి పన్నెండు రోజులు చూశాను. ఒకరోజు మింగడం, ఒకరోజు పారేయడం. క్యాలెండర్‌లో గుర్తులు పెట్టాను. పారేసిన ఆరు రోజులూ తెగింది. మింగిన ఆరు రోజులూ తెగలేదు.

ఆ తర్వాత బుద్ధిగా వేసుకున్నాను. టీతో వద్దని డాక్టరమ్మ అంటే నిమ్మకాయ నీళ్లతో మింగాను. తిప్పడం కూడా తగ్గింది.

తొమ్మిదో నెలలో కాన్పుకు బేతంచెర్లలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. అక్కడ మగ్గమూ లేదు, అడిగేవాళ్లూ లేరు. ఒకరోజు బద్ధకించి మానేశాను. సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు.

"ఏం జేస్తాండావు? ఈడ ఎడమంచు పోగు మళ్ళా తెగినాది. శానా దినాలాయ కదా తెగక."

ఫోన్ పట్టుకునే మాత్ర మింగాను.

కాన్పులో రక్తం బాగా పోయింది. ఒంట్లో రక్తం పదకొండు ఉండబట్టి తట్టుకున్నావని అక్కడి డాక్టరు అన్నారు. పాప ఏడుపు విని నేనూ ఏడ్చాను.

తర్వాత మా ఆయనకు అంతా చెబితే, "ఎండలకు నూలు తెగుతాదిలే" అని నవ్వాడు. ఫోన్ చేసిన రోజు సంగతి చెప్పాక మాత్రం నవ్వలేదు. ఈ బిడ్డ నిలుస్తుందని నేను నమ్మని రోజుల్లో ఎవరో నమ్మారు. ఎవరో ఇప్పటికీ చెప్పలేను.