వాగు మీద మూడో చోటు

2022 చివరి నెలలు. పాత కృష్ణా జిల్లాలోని మా మెట్ట ప్రాంతం కొత్త జిల్లాలోకి వెళ్లి ఇంకా ఏడాది నిండలేదు. ఆఫీసు బోర్డు మీద జిల్లా పేరు మారింది గానీ బీరువాల్లో ఫైళ్లు పాతవే. నేను నందిగామలో పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగంలో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరుని. అప్పటికి ఎనిమిదేళ్ల సర్వీసు. హైవేలు, పెద్ద రోడ్లు మా చేతిలో ఉండవు. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి చేలకు వెళ్లే చిన్న రోడ్లు మావి. బయటివాళ్లకు అవి రోడ్ల లెక్కలోకే రావు. ఆ దారిన నడిచేవాళ్లకు మాత్రం అవే రోడ్లు.

అలాంటి ఒక రోడ్డు సంగతి రాస్తున్నాను. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మార్చాను. నందిగామ మండలం చివర ఉన్న ఊరిని చింతవరం అనుకోండి. దాని అవతల, జగ్గయ్యపేట వైపు మండలంలో ఉన్న ఊరు ఏటిపాలెం. రెంటికీ మధ్య మున్నేటిలో కలిసే ఒక వాగు. మండలాల సరిహద్దు కూడా ఆ వాగే.

చింతవరం వాళ్లకు ఒక ఏడాది నిధులొస్తే తమ ఊరి నుంచి వాగు దాకా తారు రోడ్డు వేయించుకున్నారు. ఇంకొన్నేళ్లకు ఏటిపాలెం వాళ్లూ తమ వైపు వాగు దాకా వేయించుకున్నారు. ఎవరి ఎస్టిమేట్ వాళ్లది, ఎవరి హద్దు వాళ్లది. చివరికి తేలిందేమిటంటే రెండు రోడ్లూ వాగు దగ్గరికి వచ్చాయి గానీ ఎదురెదురుగా రాలేదు. ఒకటి ఎగువన ఆగింది, ఇంకొకటి రెండు ఫర్లాంగుల దిగువన ఆగింది. ఈ రోడ్డు చివర నిలబడితే ఆ రోడ్డు చివర ఆగిన మోటారు సైకిలు కనపడుతుంది. అక్కడికి బండి చేరే దారి లేదు.

దానివల్ల ఎక్కువ నష్టపోయింది చింతవరం కూలీ ముఠాలు. ఏటిపాలెం వైపు మిరప చేలు ఎక్కువ. కోతలకు మనుషులు వెళ్లేది చింతవరం నుంచే. అడ్డంగా నడిస్తే గంటలోపు ప్రయాణం. వాగులో నీళ్లుంటే ఆటో ఎక్కి హైవే మీదికి వెళ్లి, చుట్టూ తిరిగి రావాలి. దూరం కలిసొస్తుందని ఆటోలు హైవే మీద కొంత మేర రాంగ్ రూట్లో వెళ్లేవి. అంతకు ముందటి చలికాలం, తెల్లవారే మంచులో, మస్తాన్‌వలీ అనే డ్రైవరు నడిపే ఆటోను లారీ రాసుకుంటూ పోయింది. ఆటో పక్కకు ఒరిగింది. ప్రాణాలు పోలేదు. కోటమ్మ అనే ఆమెకు మాత్రం కాలు రెండు చోట్ల విరిగింది.

ఆ తర్వాతే వాగు మీద కాజ్‌వే కావాలని అర్జీలు మొదలయ్యాయి. కాజ్‌వే అంటే ఎత్తు లేని వంతెన, ఊళ్లల్లో చప్టా అంటారు. మామూలు రోజుల్లో నీళ్లు కింద తూముల్లోంచి పోతాయి, పెద్ద వరదకు పైనుంచి పారతాయి. పని మంజూరైంది. అయితే ఒక షరతు. వాగు రెండు పంచాయతీలకూ హద్దు కాబట్టి, చప్టా ఎక్కడ కట్టాలో ఇద్దరూ ఒప్పుకుని తీర్మానాలివ్వాలి.

"మార్చి దాటితే మంజూరు పోద్దమ్మా," అన్నారు మా పై అధికారి డీఈ గారు. "రెండు తీర్మానాలూ నా బల్ల మీద పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

నేను అప్పటికే ఎస్టిమేట్ తయారుచేసి ఉంచాను. చప్టాను చింతవరం రోడ్డు చివర చూపించాను. ఎందుకని ఎవరైనా అడిగుంటే సరైన జవాబు నా దగ్గర ఉండేది కాదు. అది నా మండలం, నా రోడ్డు, నా మ్యాపు. వాగు అవతల నా మ్యాపులో తెల్ల కాగితమే.

జనవరి మొదట్లో వాగు ఒడ్డున ఇద్దరు సర్పంచుల్నీ కూర్చోబెట్టాం. చింతవరం సర్పంచి శేషగిరిరావు గారు. అరవై దాటిన రైతు, మాట తూచి మాట్లాడతారు. ఏటిపాలెం సర్పంచి విజయలక్ష్మి గారు. మొదటిసారి గెలిచారు. ఆ రోజు మాట్లాడిందంతా ఆమె భర్తే.

"మా రోడ్డు ముందు పడింది. దాని ఎదురుగా కట్టటం న్యాయం," అన్నారు శేషగిరిరావు గారు.

"ముందు పడితే? మీరు కట్టే చోటికి మేం రావాలంటే మా ఊళ్లో ముగ్గురి చేలు కొయ్యాలి. మీరే కొంచెం దిగి మా రోడ్డు కాడికి రండి," అన్నాడు విజయలక్ష్మి గారి భర్త.

మాట మీద మాట పెరిగింది. ఎప్పుడో సాగునీటి దగ్గర జరిగిన తగాదా కూడా ఎవరో బయటికి తీశారు. గంటన్నర తర్వాత రెండు గుంపులూ రెండు వైపులకు వెళ్లిపోయాయి. నేను ఎస్టిమేట్ మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇది తెగే పంచాయితీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

స్కూటీ తీస్తుంటే ఒకామె దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చింతవరం కూలీ ముఠాకు పెద్ద, మరియమ్మ. కాలు విరిగిన కోటమ్మకు తోడికోడలు. సమావేశం జరిగినంత సేపూ తుమ్మ చెట్టు కింద నిలబడే ఉంది.

"మేడం గారూ, ఒక మాట. వాళ్లు అక్కడంటారు, వీళ్లు ఇక్కడంటారు. మేం నడిచేది ఆ రెండు చోట్లా గాదమ్మా."

"మరి ఎక్కడ నడుస్తారు?"

"చెప్తే ఏం తెలుస్తది? పొద్దున్నే ఆరింటికి రండి, చూపిస్తా."

ఆరింటికి నేనూ మా వర్క్ ఇన్‌స్పెక్టరూ వెళ్లాం. వెళ్లి, అలవాటు కొద్దీ చింతవరం రోడ్డు చివరే కూర్చున్నాం. ట్రాఫిక్ కౌంట్ కాగితాలు కూడా పట్టుకెళ్లాను. ఒక చోట నుంచి ఎన్ని వాహనాలు పోతున్నాయో గంట గంటకూ లెక్క రాయడాన్ని ట్రాఫిక్ కౌంట్ అంటారు. నా దగ్గరున్న ఫారంలో లారీకి గడి ఉంది, ట్రాక్టరుకు ఉంది, సైకిలుకూ ఎడ్లబండికీ ఉంది. నడిచే మనిషికి లేదు. అరగంట గడిచినా ఒక్క బండీ రాలేదు. గడులన్నీ ఖాళీ.

అప్పుడు దిగువన, రెండు రోడ్లకూ మధ్యలో, మంచులోంచి ఒక వరస కనిపించింది. ఒకరి వెనక ఒకరు ఆడవాళ్లు. నెత్తిన క్యారియర్లు, భుజాన గోతాలు. చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకి దోపుకుని వాగులో అడుగు పెట్టారు. నీళ్లు మడమలు కూడా దాటలేదు. నేను పరుగున వెళ్లేసరికి సగం మంది అవతలి ఒడ్డు ఎక్కేశారు.

"దీన్ని రాళ్ల రేవంటామండి," అంది మరియమ్మ, నీళ్లలోనే నిలబడి. "అడుగంతా బండ. ఇసక ఉండదు, కాలు దిగదు. అటు మీ రోడ్డు కాడ దిగితే మోకాళ్ల దాకా బురద."

"నీళ్లు పెరిగితే?"

"మోకాలు దాటితే మేం దిగం. ఇంక ఆటోనే, హైవేనే."

రేవు ఒడ్డున ఉన్న ఇంకో తుమ్మ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, కొమ్మలో చిక్కుకున్న ఎండుగడ్డి చూపించింది. "పెద్ద వానకి నీళ్లు ఇక్కడి దాకా వచ్చినాయి. మా అత్త బతికున్నప్పుడు ఇంకో మూరెడు పైకి వచ్చినాయంట."

మేము హెచ్‌ఎఫ్‌ఎల్ అంటాం దాన్ని. వాగులో నీరు ఎప్పుడైనా అందుకున్న అత్యంత ఎత్తు. చప్టా ఎంత ఎత్తు కట్టాలో, ఎన్ని తూములు పెట్టాలో దాన్నిబట్టే లెక్క. ఎస్టిమేట్‌లో నేనూ ఒక అంకె వేశాను. అది మునుపటి ఫైల్లోంచి ఎత్తి రాసింది. మరియమ్మ చెయ్యెత్తి చూపించిన చోటు దానికన్నా బాగా పైన ఉంది. ఆ క్షణంలో నాకు సిగ్గేసింది.

ఆ వారమే మూడు చోట్లా గుంతలు తవ్వి చూశాం. రోడ్ల చివర రెండు చోట్లా ఎంత తవ్వినా ఇసక, బంకమట్టి. రాళ్ల రేవు దగ్గర జానెడు లోతులోనే గడ్డపార ఖంగుమంది. పునాదికి అంతకంటే ఏం కావాలి?

ఏటిపాలెం వైపు పని చూసే ఏఈ సురేష్ గారికి ఫోన్ చేశాను. తన మ్యాపు పట్టుకుని నందిగామ వచ్చారు. రెండు కాగితాలూ బల్ల మీద పరిచి, వాగు దగ్గర అంచులు కలిపి టేపు అంటించాం. ఆయన కాసేపు దాన్నే చూసి, "పక్క పక్క మండలాల్లో ఇన్నేళ్లు చేశాం. ఈ రెండూ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు చూడండి," అన్నారు. ఆయన మ్యాపులో ఇంకొక సంగతి బయటపడింది. ఏటిపాలెం వైపు నుంచి రాళ్ల రేవుకు పాత బండి డొంక ఒకటి ఉంది. ముళ్లకంప పెరిగి మూసుకుపోయింది గానీ అది ప్రభుత్వ దారే. అంటే అటు ఎవరి చేనూ కొయ్యక్కర్లేదు.

చిక్కంతా ఇటు వైపు. చింతవరం రోడ్డు నుంచి రేవు దాకా వెళ్లాలంటే ఒక పత్తి చేను గట్టు వెంట కొంత నేల కావాలి. ఆ చేను శేషగిరిరావు గారిది.

నేను ఆయన ఇంటికి వెళ్లి విషయం చెప్పాను.

"నేల పోద్దని కాదమ్మా," అన్నారాయన. "రోడ్డు నా చేను పక్కన పడితే రేపు దాని విలువ పెరుగుద్ది. సర్పంచి తన చేనుకి రోడ్డు వంచుకున్నాడంటారు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఒక మాట పడలేదు నేను. ఈ వయసులో ఆ మాట పడలేను."

మట్టి పరీక్ష నివేదిక ఆయన ముందు పెట్టి లేచి వచ్చాను.

ఫిబ్రవరిలో రెండో సమావేశం, ఏటిపాలెం పంచాయతీ ఆఫీసులో. ఈసారి మరియమ్మ ముఠా మొత్తం వచ్చింది. కోటమ్మను మస్తాన్‌వలీ తన ఆటోలో తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆమె చేతికర్ర గోడకు ఆనించి ముందు వరసలో కూర్చుంది. నేను, సురేష్ గారు అతికించిన మ్యాపు గోడకు తగిలించి మూడు చోట్లూ చూపించాం.

విజయలక్ష్మి గారి భర్త మళ్లీ తమ రోడ్డు మాట ఎత్తబోయాడు. ఆమె అతని చేతి మీద చెయ్యి వేసి ఆపారు.

"నేను చెప్తానుండండి," అని లేచారు. "మా ఊరి మిరప కోసేది వీళ్లేనండి. వీళ్లు రెండ్రోజులు రాకపోతే మా కాయ చెట్టు మీదే పండి రాలిపోద్ది. వాళ్లు నడిచే చోటే కడితే మాకు నష్టమేంది? డొంకలో కంప మేం కొట్టిస్తాం. మా తీర్మానం ఈ రోజే రాసిస్తా."

అందరూ శేషగిరిరావు గారి వైపు చూశారు. ఆయన నాతో అన్న మాటే అక్కడా దాచకుండా చెప్పారు.

"అట్టా అన్నోళ్లు మాకు కనపడితే మేం చెప్తాం అయ్యా," అంది మరియమ్మ. "ఈ చోటు చూపించింది మేము. సర్పంచి గారు గాదు, మేడం గారూ గాదు. మా పేరు చెప్పండి."

శేషగిరిరావు గారు కోటమ్మ కాలు వైపు చూశారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, "దానపత్రం రాయించమ్మా," అన్నారు నాతో. "పంచాయతీ పేరు మీద. ఎంత కావాలో అంత."

రెండు తీర్మానాలూ మార్చి మొదటి వారంలో డీఈ గారి బల్ల మీద ఉన్నాయి.

పని అనుకున్నంత త్వరగా కాలేదు. ఆ వేసవిలో పునాదులు పడ్డాయి, వానలకు ఆగింది, తర్వాతి వేసవికి గానీ పూర్తి కాలేదు. 2024 వర్షాకాలం మున్నేరు ఎలా పొంగిందో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. వాగు కనపడకుండా పోయింది. నీళ్లు తీశాక సురేష్ గారు, నేను చెరో వైపు నుంచి వెళ్లాం. చప్టా కదల్లేదు. బండ దాన్ని పట్టుకుని నిలబెట్టింది. కానీ ఏటిపాలెం వైపు ఒడ్డున పోసిన గ్రావెల్ అంతా కొట్టుకుపోయి మనిషి లోతు గండి పడింది.

రిపేరు ఎస్టిమేట్ రాయడానికి టేపు పట్టుకుని దిగాను. ఇంతలో చప్టా మీదుగా మూడు ట్రాక్టర్లు గ్రావెల్‌తో వచ్చాయి. మూడూ చింతవరానివే. ముందు బండి మీద శేషగిరిరావు గారు కూర్చుని ఉన్నారు. గండి అవతల విజయలక్ష్మి గారు ఊళ్లోవాళ్లతో, పారలతో సిద్ధంగా ఉన్నారు.

"తెగింది వాళ్ల వైపు కదండి?" అన్నాను ఆయనతో.

"ఎటు తెగినా ఆగేది మా మనుషులే గదమ్మా," అన్నారాయన, బండి దిగుతూ. "మీ ఎస్టిమేట్ మీరు రాసుకోండి. కోతల్లోపు మేం పూడుస్తాం."

పూడ్చారు. ఆ కోతలకు మరియమ్మ ముఠా తడవకుండా వాగు దాటింది. మస్తాన్‌వలీ హైవే ఎక్కడం మానేశాడు, ఆ దారినే రోజుకు నాలుగు ట్రిప్పులు వేస్తున్నాడు. ఏటిపాలెం నుంచి కొందరు ఆడపిల్లలు అతని ఆటోలోనే నందిగామ జూనియర్ కాలేజీకి వస్తున్నారు. ఆ ప్రయాణం మా ఎస్టిమేట్‌లో ఎక్కడా లేదు. కోటమ్మకు చేలో వంగి కాయ కోయడం కుదరదు. కల్లంలో కూర్చుని తాలుకాయలు, అంటే తెల్లబడి పనికిరాకుండా పోయిన మిరపకాయలు, ఏరుతుంది. అక్కడి దాకా ఇప్పుడు ఆటో వెళుతుంది. ఏటిపాలెం వైపు డొంక మీద తారు ఇంకా పడలేదు. పడుతుంది.

కిందటి ఏడాది నాకు జి.కొండూరు వైపు బదిలీ అయింది. చేరిన వారంలో రెండు మండలాల మధ్య లింకు రోడ్డు ఫైలు ఒకటి వచ్చింది. ఎస్టిమేట్ తెరవకుండానే అవతలి మండలం ఏఈకి ఫోన్ చేశాను. కుర్రవాడు, కొత్తగా చేరాడు.

"పని మీ వైపు కదా మేడం, నాకెందుకండి?" అన్నాడు.

రోడ్డు ఎక్కడ వేయాలో నేను చదువుకున్న పుస్తకాలు చాలానే చెప్పాయి. ఆ దారి అప్పటికే ఎవరి కాళ్ల కింద ఉందో వెళ్లి అడగమని చెప్పింది మాత్రం మరియమ్మ. ఆ దారికి మండలం హద్దు తెలియదు. ఒక ఒడ్డున కూర్చుని వెతికితే సగమే దొరుకుతుంది.

"రేపు పొద్దున ఆరింటికి రాగలరా?" అన్నాను. "మీ వైపు వాళ్లు ఎక్కడ నడుస్తున్నారో ముందు చూద్దాం."