ఆజ్ మాఫీ, సాబ్

దోహాలో చవగ్గా, రుచిగా తినాలంటే బోర్డులు చూడకూడదు. బయట ఎన్ని కంపెనీ పికప్‌లు ఆగి ఉన్నాయో చూడాలి. తొంభైల్లో పాత బజారు వెనక సందులో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. సందు మొదట్లో పఠాన్ రొట్టెల పొయ్యి, దాని పక్కన మలయాళీ చాయ్ కొట్టు, మూలమీద ఎర్ర డ్రాగన్ బొమ్మతో చైనీస్ హోటలు. అందులో చైనావాడు ఒక్కడూ లేడు. యజమానిది కేరళ, వంటవాడిది నేపాల్. అతను పెద్ద మంట మీద ఎగరేసే నూడుల్స్ కోసం పెళ్లికి ముందు రోజూ వెళ్లేవాణ్ణి.

తర్వాత ఫ్యామిలీ వీసా మీద కరీంనగర్ నుంచి మా ఆవిడ వచ్చింది. అయినా డ్యూటీ కాగానే కాళ్లు ఆ సందులోకే పోయేవి. కడుపు నింపుకుని ఇంటికెళ్తే, తను తినకుండా కూర్చుని ఉండేది.

"మీరు రాంది నాకు ముద్ద దిగది" అనేది.

నేను నాలుగు మెతుకులు కెలికి లేచేవాణ్ణి. మర్నాడు పులుసులో చింతపండు తగ్గించేది. ఆ మర్నాడు కారం తగ్గించేది. లోపం తన చేతిలోనే ఉందనుకుంది పిచ్చిది. ఆ పులుసు గిన్నె కేసి చూడ్డానికే నాకు సిగ్గేసేది, ఇక నిజం చెప్పడం ఎక్కడ?

ఒక శుక్రవారం కూరగాయలకని ఇద్దరం ఆ సందు దాటుతున్నాం. చైనీస్ హోటల్ సర్వర్ నన్ను చూసి చేతులూపుతూ అరిచాడు.

"ఆజ్ మాఫీ, సాబ్!"

ఈ రోజుకి నూడుల్స్ అయిపోయాయని అతని బాధ. అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. మా ఆవిడకింకా ఆ మాట తెలీదు. మన దగ్గర మాఫీ అంటే క్షమాపణే కదా.

"గాయన మిమ్మల్ని మాఫీ ఎందుకు అడుగుతున్నడు?"

"మొన్న నా అంగీ మీద చాయ్ ఒలకవోసిండు" అన్నాను. గొంతు తడబడను కూడా లేదు.

"అయ్యో పాపం. మాఫ్ చేసిన అనుండ్రి."

ఏం చేస్తాను, "మాఫ్ కియా భాయ్" అన్నాను. అతను నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మామూలుగా అయితే పడీపడీ నవ్వేవాణ్ణి. కానీ మా ఆవిడ మొహంలో ఆ జాలి చూసి ప్రాణం చచ్చిపోయింది.

కొన్నాళ్లకి మా ఇంటి కింది కొట్లో తను పుదీనా అడిగితే కొట్టతను "మాఫీ" అన్నాడట. "మాఫీ ఎందుకన్నా, పుదీనా ఇయ్యి" అందట మా ఆవిడ. అక్కడే ఉన్న కడపామె, పక్క వీధిలో అరబ్బుల ఇంట్లో పనిచేసే మనిషి, పకపకా నవ్విందట.

"ల్యాదని చెప్తాండాడు అక్కా!"

ఆ సాయంత్రం కూడా నేను తినే వచ్చాను. మా ఆవిడ తలుపు తీసింది.

"ఇయ్యాల చైనా హోటల్ల ఉన్నయా, మాఫీనా?"

చెప్పులు విడిచి లోపలికి నడిచాను. వంటింట్లో గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. మొదటిసారి తను నాకంటే ముందు తినేసింది.

"ఇన్నొద్దులు నాకే వంట రాదనుకున్న" అంది. కోపంగా కూడా కాదు. కోప్పడితే కాస్త తేలికపడేవాణ్ణి.

"మాఫీ" అన్నాను తల దించుకుని.

"మాఫీ" అని తను లోపలికి వెళ్లిపోయింది.

అది మన మాఫీయో, అరబ్బుల మాఫీయో, అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.