అమ్మోనియా గది గుమ్మంలో

పుంగనూరు పాలకేంద్రంలో పాలను చల్లబరిచే అమ్మోనియా యంత్రానికి ఆయన ఆపరేటరు. నేను పక్కగదిలో పాలకు వెన్నశాతం చూసేవాణ్ణి. గ్యాసు లీకైతే చూపించే గోడమీది మీటరును ఆయన ఎన్నడూ నమ్మలేదు. రోజూ పొద్దున యంత్రం గది తలుపు ఓరగా తెరిచి, గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, వాసన లేదనుకున్నాకే లోపలికి వెళ్ళేవాడు.

"మీటరు ముల్లు యాడో ఒకసాట ఇరుక్కుంటాదప్పా. ముక్కు అట్లా కాదు," అనేవాడు.

ఒక ఎండాకాలం పైపు జాయింటు దగ్గర అమ్మోనియా లీకైంది. ఆ ఘాటుకు మేమంతా రోడ్డుమీదికి పరుగెత్తాం. ఆయన ఒక్కడే తడితువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికెళ్ళి వాల్వు కట్టేశాడు. ప్రాణం దక్కింది గానీ, ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. మాడిన అన్నం కూడా మాట్లాడకుండా తింటున్నాడని వాళ్ళావిడ చెప్పి ఏడ్చింది.

అప్పట్నుంచి రోజూ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచేవాడు.

"రాప్పా, వాసనేమన్నా వస్తాండాదా, సూడు."

నేను తలుపు సందులో తల పెట్టేవాణ్ణి. పీల్చి, లేదని చెప్పేవాణ్ణి. మీటరు వైపు చూడకుండా లోపలికి వెళ్ళేవాడు.

ఒకరోజు అలాగే పీల్చి, "లేదన్నా" అన్నాను. ఆయన తలాడించి వెళ్ళాడు. వెనకాల తలుపు మూసుకున్నాక నాకు తుమ్మొచ్చింది. రెండు రోజులుగా జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉందని అప్పుడు గుర్తొచ్చింది.